చదివి వినిపించే పుస్తకాలు: కందుకూరు దగ్గర ఒక పల్లె గ్రంథాలయం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కందుకూరుకు దగ్గరగా ఉన్న ఒక మెట్ట పల్లెలో పంచాయతీ వారు ఇచ్చిన పాత గదిలో ఒక చిన్న గ్రంథాలయం నడుస్తోంది. ఊరివాళ్లే తలా కొంత వేసుకుని దాన్ని నిలబెట్టుకుంటున్నారు. దాని బాగోగులు చూస్తున్న విశ్రాంత ఉపాధ్యాయులు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఈమధ్య గ్రంథాలయంలో ఏమేం జరుగుతున్నాయో, మా శ్రోతలకు ఏయే పుస్తకాలు చదవమని చెబుతారో వినాలని ఉంది.

మాస్టారు: సంతోషం అమ్మా. మా దగ్గర జరిగేవాటిలో అన్నిటికన్నా ముందు చెప్పవలసింది శుక్రవారం సాయంత్రపు చదువు. ఒకరు పుస్తకం పట్టుకుని పైకి చదువుతారు, మిగిలినవారు కూర్చుని వింటారు. మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లు పొగాకు పనికి వెళతారు. పచ్చాకు కొట్టే రోజుల్లో ఆ పసరు చేతులకు జిగురుగా అంటుకుని నల్లబడిపోతుంది, సబ్బు పెట్టి ఎంత రుద్దినా వేళ్ల సందుల్లోంచి వదలదు. అలాంటి చేతులతో తెల్లటి కాగితం ముట్టుకోవడానికి వాళ్లు మొహమాటపడి, బీరువా దాకా వచ్చి, అట్టలు చూసి, వెనక్కి తిరిగి వెళ్లేవారు. పుస్తకం మురికైనా ఫరవాలేదని మేము ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు మేమే చదివి వినిపించడం మొదలుపెట్టాం.

వ్యాఖ్యాత: చదవడం వచ్చినవారు కూడా వినడానికే వస్తున్నారా మాస్టారూ?

మాస్టారు: వస్తున్నారమ్మా. డిగ్రీ చదివిన కోడలు, సంతకం మాత్రమే వచ్చిన అత్త పక్కపక్కన కూర్చుని వింటున్నారు. ఒంటరిగా చదువుకున్నప్పుడు మనం దాటేసే వాక్యం దగ్గర పదిమందిలో ఎవరో ఒకరు ఆపి, "అదేంది, మళ్లీ చదవండి" అంటారు. ఆ ఒక్క మాటతో పుస్తకం మీద చర్చ మొదలవుతుంది. గ్రంథాలయం అంటే నిశ్శబ్దంగా కూర్చోవలసిన చోటు అని మనం బోర్డు రాసి పెట్టుకున్నాం గానీ, మా ఊరి వంటి ఊళ్లలో వారానికి ఒక్క పూటైనా అది గొంతు విప్పవలసిన చోటు అని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాఖ్యాత: ఈ నమ్మకం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?

మాస్టారు: మన ప్రాంతపు చరిత్రలోంచే వచ్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడుల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి తయారు చేసిన వాచకాల్లో సారా వల్ల ఇళ్లు ఎలా కూలిపోతాయో చెప్పే పాఠాలు ఉన్నాయి. ఆ పాఠాలను పైకి చదువుతూ, చర్చించుకుంటూ ఉండగానే దూబగుంట గ్రామంలో ఆడవాళ్లు ఒక్కటై సారా కొట్టు మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. తరువాత తయారైన వాచకంలో వాళ్ల కథే "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా వచ్చింది. ఆ పాఠాన్ని వేరే ఊళ్ల ఆడవాళ్లు చదివారు, విన్నారు, వాళ్లూ కదిలారు. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించవలసి వచ్చింది. కొన్ని పేజీలున్న పాఠం ఒకటి లాంతరు వెలుగులో పైకి చదివినందువల్ల ఇంత పని జరిగిన ప్రాంతంలో మనం ఉన్నామమ్మా. నేను ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి, రాత్రి బడిలో చదువు చెప్పాను. అక్షరాలు కూడబలుక్కుంటున్న మనిషి, చదివిన మాట తన ఇంటి సంగతే అని తెలిసిన క్షణంలో ఎలా నిటారుగా కూర్చుంటుందో కళ్లారా చూశాను.

వ్యాఖ్యాత: ఇక పుస్తకాల్లోకి వెళదాం మాస్టారూ. శుక్రవారాల్లో ఇప్పుడు ఏం చదువుతున్నారు?

మాస్టారు: తిక్కనగారి విరాటపర్వం చదువుతున్నాం. నెల్లూరులో, పెన్న ఒడ్డున, 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న కవి ఆయన. నన్నయగారు రెండు పర్వాలు పూర్తి చేసి, మూడోదాన్ని సగంలో వదిలితే, తిక్కనగారు నాలుగో పర్వమైన విరాటపర్వంతో మొదలుపెట్టి, కడదాకా పదిహేను పర్వాలు తెలుగులో రాశారు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని ఎర్రనగారు పూర్తి చేశారు. ఆయనది మన గుడ్లూరని చెబుతారు, అంటే మాకు పక్క ఊరే. వానలు రాకపోతే విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పాత ఆనవాయితీ. మాది వాన మీద ఆధారపడే మెట్ట ప్రాంతం కనుక మా పెద్దలు ఈ పర్వాన్నే అడిగారు.

వ్యాఖ్యాత: పద్యం అంటే భయపడేవాళ్లు ఉంటారు కదా. వాళ్లు ఎలా వింటున్నారు?

మాస్టారు: మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు పద్యాన్ని విడవకుండా ఒక్కసారి చదువుతాం, వెంటనే తాత్పర్యం చెబుతాం, మళ్లీ పద్యం చదువుతాం. రెండోసారి చదివినప్పుడు అర్థం దానంతటదే చెవికి అందుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యాలతో ప్రచురించిన భారతం సంపుటాలు ఇందుకు ఎంతో ఉపయోగపడుతున్నాయి. మొదట కథ చెప్పి తరువాత పద్యం చదివితే రుచి పోతుంది, ఏం జరుగుతుందో తెలియని ఆత్రంలోనే పద్యం చెవిన పడాలి. కీచకుడు ద్రౌపదిని విరాటుడి కొలువులోనే తన్నినప్పుడు, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, భీముణ్ణి కదలనివ్వకుండా ఆపే ఘట్టం చదివిన రోజున మా ఆడవాళ్లు నన్ను ముందుకు పోనివ్వలేదు. అజ్ఞాతవాసం బయటపడుతుందన్న సమాధానం వాళ్లకు చాలలేదు. ఆ సాయంత్రం ఒక్క పద్యం కూడా ముందుకు సాగకుండా, సభలో ఊరుకున్న మగవాళ్ల గురించే మాట్లాడుకున్నారు. తరువాతి వారం, రాత్రివేళ ద్రౌపది వంటశాలకు వెళ్లి భీముణ్ణి నిద్రలేపే చోటు వచ్చేసరికి, మామూలుగా ముందే లేచి వెళ్లిపోయేవాళ్లు కూడా కూర్చుండిపోయారు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి పద్యానికి ఇంతకన్నా మంచి పాఠకులు ఎక్కడ దొరుకుతారో నాకు తెలియదు.

వ్యాఖ్యాత: వచనంలో ఏమైనా సూచిస్తారా?

మాస్టారు: టంగుటూరి ప్రకాశం పంతులుగారి "నా జీవిత యాత్ర" తప్పకుండా చదవాలి. ప్రకాశం జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, పిల్లలు పరీక్షలో ఆంధ్రకేసరి అని రాస్తారు, సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపిన మనిషి అని చెబుతారు. కానీ ఆ పుస్తకం మొదటి భాగంలో కనబడేది తండ్రి పోయాక దిక్కుతోచని కుటుంబం. ఆ తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. పరీక్షకు కట్టవలసిన డబ్బు ఎక్కడా పుట్టకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టింది. నాటకాల పిచ్చి, ఒంగోలు వీధుల్లో అల్లరి, చేరదీసిన ఉపాధ్యాయుడు హనుమంతరావు నాయుడుగారు, ఇవన్నీ ఆయన దాచుకోకుండా రాశారు. రాజకీయాలున్న తరువాతి భాగాలు ఒంటరిగా, నెమ్మదిగా చదువుకోవలసినవి. మొదటి భాగం మాత్రం పైకి చదవడానికే రాసినట్టు ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లలకు నేను మొదట చేతిలో పెట్టే పుస్తకం ఇదే.

వ్యాఖ్యాత: ఈ ప్రాంతపు మాట వినిపించే కథలు కూడా ఉన్నాయి కదా?

మాస్టారు: మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన "దర్గామిట్ట కతలు" ఉన్నాయి. కావలిలో ఒక ముస్లిం కుటుంబంలోని పిల్లవాడి బాల్యం అది. మా పిల్లలు దాన్ని వింటూ మొదట ఆశ్చర్యపోయారు. మా ఊరి మాట, మా అమ్మ తిట్టే తీరు పుస్తకంలో అచ్చు వేస్తారా అని అడిగారు. అది విన్న తరువాత ఇద్దరు ముగ్గురు పిల్లలు తమ ఇంటి సంగతులు కాగితం మీద రాసి తెచ్చి చూపించారు. ఇంకా చిన్న పిల్లలకైతే "రైలుబడి" చదువుతాం. జపాన్‌లో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి, అందులో కొబయాషి అనే హెడ్మాస్టరు, ఒక అల్లరి పిల్ల చెప్పే మాటలన్నీ గంటల తరబడి ఓపికగా వింటాడు. ఉపాధ్యాయులు చదివితే ఇంకా మంచిది. నాటకాలు చదవాలనుకునేవారికి సూళ్లూరుపేట దగ్గర పుట్టిన ఆత్రేయగారి "ఎన్‌.జి.వో." ఉంది, అంటే గెజిటెడ్ హోదా లేని చిరుద్యోగి. పాత్రలు పంచుకుని చదివితే ఒక సాయంత్రం బాగా గడుస్తుంది.

వ్యాఖ్యాత: శుక్రవారం కాక మిగిలిన రోజుల్లో ఏం జరుగుతుంది?

మాస్టారు: ఆదివారం మధ్యాహ్నం పుస్తకాల మరమ్మతు. మాకు వచ్చేవన్నీ ఇళ్లలో అటక మీద పడి ఉన్న పాత పుస్తకాలు. మైదా పిండితో జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం కలిపి, విడిపోయిన ఫారాలను, అంటే మడత కాగితాల కట్టలను, దారంతో కుట్టి, వెన్నుకు నూలుగుడ్డ అంటించి, బరువు పెట్టి రాత్రంతా ఆరనిస్తాం. మైలతుత్తం విషం కనుక ఆ పని పెద్దవాళ్లే చేస్తారు, పిల్లలు కుట్టు వేస్తారు. పూచికపుల్లల లాంటి వేళ్లతో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఎంత నేర్పుగా కుడుతుందంటే, ఆ పిల్ల కుట్టిన పుస్తకం మళ్లీ విడిపోవడం నేను చూడలేదు. తాను కుట్టిన ప్రతి పుస్తకాన్నీ ఆ పిల్ల చదివింది కూడా.

పొగాకు కాల్చే కాలంలో, అంటే పచ్చాకును వేడి మీద ఆరబెట్టే రోజుల్లో, ఇంకో పని ఉంటుంది. ఆకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్‌, దాని దగ్గర రాత్రంతా ఒకరు మెలకువగా ఉండి, మంట సరిచూస్తూ, లోపలి వేడి చూసుకుంటూ ఉండాలి. ఆ కాపలా వాళ్లకు పుస్తకాలు పంపిస్తాం. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, రేవు రేవునా పుస్తకాలు ఇచ్చిన తెలుగువాళ్లం మనం. సైకిల్ మీద సంచీ తగిలించుకుని బ్యారన్‌ దాకా వెళ్లడం ఏం పెద్ద పని?

వ్యాఖ్యాత: పిల్లల్ని వేటపాలెం కూడా తీసుకువెళ్లారని విన్నాను.

మాస్టారు: అవునమ్మా. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు వేటపాలెం బాపట్ల జిల్లాలో ఉంది గానీ, మొన్న మొన్నటి దాకా ప్రకాశం జిల్లాదే. పాత పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి అక్కడ కూర్చుంటారు. ఒక పల్లె ఇంత పని చేయగలదని పిల్లలు కళ్లతో చూడాలనే తీసుకువెళ్లాను.

వ్యాఖ్యాత: ఊరి గ్రంథాలయం నడవడానికి డబ్బు ఎలా వస్తుందని శ్రోతలు అడుగుతుంటారు.

మాస్టారు: మాది ఊరివాళ్లది కనుక చందాల మీదే నడుస్తుంది. అయితే ఒక్క మాట అందరూ తెలుసుకోవాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. ఇంటి పన్ను కట్టేవారందరూ దీన్ని కడుతున్నారు. కాబట్టి దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, మాకు ఫలానా పుస్తకం కావాలి అని రాసి అడగండి. అడిగేవాళ్లు లేకపోతే కొనేవాళ్లకు ఏం కొనాలో తెలియదు. మొహమాటం వద్దు.

వ్యాఖ్యాత: మీకు పుస్తకాలు ఇవ్వాలనుకునేవారు ఏవి తేవాలి?

మాస్టారు: పాత పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు మా దగ్గర చాలానే ఉన్నాయి, అవి వద్దు. పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలి, ఎందుకంటే దీపం వెలుగులో పైకి చదివేవారికి సన్నని అచ్చు కష్టం. పాత చందమామలు ఏ స్థితిలో ఉన్నా తీసుకుంటాం, కుట్టుకుంటాం. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం దగ్గర ఉన్నాం, ఈ నెలాఖరుకు పూర్తవుతుంది. వచ్చే నెల మొదటి శుక్రవారం నుంచి ప్రకాశం పంతులుగారి పుస్తకం మొదటి భాగం మొదలుపెడతాం. సాయంత్రం ఆరున్నరకు, పనుల నుంచి వచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చున్నాక మొదలవుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా రావచ్చు. చదవగలిగిన గొంతు ఉన్నవారు వస్తే మరీ సంతోషం, నాకు ఏకబిగిన గంటసేపు చదివే ఓపిక తగ్గుతోంది.