సెవెర్న్ వంతెన దాటితే మారిపోయే చట్టం | బెంగళూరు వ్లాగ్

నమస్కారమండీ అందరికీ. సెలవులకు వచ్చి ప్రస్తుతం బెంగళూరులో, మారతహళ్లిలో మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. ఇవాళ లాల్‌బాగ్ వీడియో అనుకున్నాం, కుదర్లేదు. టిఫిన్ దగ్గర మొదలైన మాట మధ్యాహ్నం దాకా సాగింది. మా ఒంగోలు పిన్నులు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదే అమ్మ కూడా అడిగింది: "అక్కడ పిల్లల్ని కొడితే పోలీసులొచ్చి పట్టుకుపోతారటగా, నిజమేనా?"

మేముండేది బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో. అది ఇంగ్లండ్ కాదు, వేల్స్. దానికి సొంత చట్టసభ ఉంది. అది 2020లో చేసిన చట్టం 2022 మార్చి 21న అమల్లోకి వచ్చింది. కొత్త నేరమంటూ ఏదీ పెట్టలేదు. మనిషిని కొట్టడం ముందునుంచీ నేరమే కదా. కానీ అమ్మానాన్నలైతే "బుద్ధి చెప్పడానికే కొట్టాను, హద్దు మీరలేదు" అని కోర్టులో చెప్పుకునే వీలుండేది. దాన్ని తీసేశారు. పక్కింటాయన్ని చెంప మీద కొడితే ఏ చట్టమో, మన పిల్లాణ్ని కొట్టినా అదే చట్టం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకైనా ఇదే వర్తిస్తుంది.

మా ఆయన స్నేహితులు బ్రిస్టల్‌లో ఉంటారు, గంటలోపు చేరిపోతాం. మధ్యలో సెవెర్న్ నది మీద పొడవాటి వంతెన. ఆ వంతెన అవతల ఇంగ్లండ్. అక్కడ "బుద్ధి చెప్పడానికే కొట్టాను" అన్న ఆ సాకు ఇంకా చెల్లుతుంది. 2004 చట్టం కొంత బిగించింది, గాయమయ్యేలా కొడితే ఒప్పుకోరు. చిన్న దెబ్బయితే మాత్రం వాదించుకోవచ్చు. అదే కారు, వెనక సీట్లో అదే పిల్లాడు, అదే పేచీ. ఇవతల నేరమైన దెబ్బ అవతలికెళ్లేసరికి వాదించుకోదగ్గదవుతుంది. స్కాట్లాండ్ కూడా 2020 నవంబరులోనే ఈ సాకు తీసేసింది. అసలు ముందుగా నిషేధించిన దేశం స్వీడన్, 1979లోనే.

"రోడ్డు మీదికి పరిగెడుతుంటే చెయ్యి పట్టి లాగకూడదా మరి?" అంది అమ్మ. లాగొచ్చమ్మా. అది కాపాడటం, శిక్షించడం కాదు. ప్రతి కేసూ కోర్టుకే పోదు కూడా. కొన్నిసార్లు పోలీసులే, కొట్టకుండా పిల్లల్ని ఎలా దారిలో పెట్టాలో నేర్పేవాళ్ల దగ్గరికి పంపిస్తారు.

ఈ "హద్దులో కొట్టొచ్చు" అన్నది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1860లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు మాస్టారు, తండ్రి అనుమతి తీసుకునే ఒక అబ్బాయిని కొట్టాడు. ఆ అబ్బాయి చనిపోయాడు. మాస్టారికి శిక్ష వేస్తూనే, మితంగా కొట్టే హక్కు తల్లిదండ్రులకూ మాస్టార్లకూ ఉందని ఆ కేసులో చెప్పారు. మన ఇండియన్ పీనల్ కోడ్ కూడా ఆ ఏడాదిదే. అందులోని 89వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 27. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి పెద్దలు చేసే పనికి అది రక్షణ ఇస్తుంది. దారుణంగా హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. బళ్లో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో పడే మామూలు చెంపదెబ్బకు మాత్రం అలాంటి స్పష్టమైన నిషేధం లేదు.

మేమిలా మాట్లాడుకుంటుండగానే మా అక్క కొడుకు కన్నడ నోట్సు రాయలేదని బయటపడింది. అక్క చెయ్యెత్తింది, అంతే. దెబ్బ పడకముందే వాడి మోచేతులు రెండూ మొహానికి అడ్డం వచ్చేశాయి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తొమ్మిదేళ్లవాడి ఒంటికి అది అంతగా అలవాటైపోయిందా అని నాకు ఏడుపొచ్చింది.

అక్క చెడ్డది కాదండీ. క్లాస్ టీచరే చెప్పిందట: "మేం కొట్టకూడదు కదా, ఇంట్లో మీరే రెండు తగిలించండి" అని. ఆఫీసు, ట్రాఫిక్, ఆ పైన ఇది. "కొట్టొద్దంటావు సరే, మాట వినకపోతే ఏం చెయ్యాలో ఎవరు చెప్తారే?" అని నన్నే నిలదీసింది.

నాకు చెప్పినవాళ్లున్నారు. కార్డిఫ్‌లో చలికాలం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పలకరించే మనిషి ఉండేది కాదు, అమ్మ ఉంటే బాగుండని నేనూ ఏడ్చేదాన్ని. నర్సరీకి పంపుదామంటే రోజుకు 60 పౌండ్లు, మన ఏడు వేలు. అలాంటప్పుడు హెల్త్ విజిటర్ అని ఒక నర్సు, పైసా తీసుకోకుండా ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది. కోపం తలకెక్కితే పాపను భద్రంగా పడుకోబెట్టి కాసేపు పక్క గదిలోకి వెళ్లమంది.

మన దగ్గరా ఆశా కార్యకర్తలు టీకాల కోసం ఇళ్లకు వస్తూనే ఉన్నారు. చట్టం మార్చి, వాళ్లకు శిక్షణా జీతమూ పెంచి, ఈ మాట కూడా వాళ్లచేత చెప్పించాలి. అక్కలాంటి తల్లులకు నేర్పకుండా ఒట్టి నిషేధం పెడితే చాలదు.