కోల్ లేని యాంకీస్: 2025 సీజన్ ముందు పిచింగ్, జీతాల లెక్క

నమస్కారం అండీ. మన న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ సీజన్ దగ్గరపడింది. మార్చి 27న బ్రాంక్స్‌లో, యాంకీ స్టేడియంలో మిల్వాకీ బ్రూవర్స్‌తో మొదటి మ్యాచ్. మామూలుగా ఈపాటికి నేను మన స్టార్ బ్యాటర్ జడ్జ్ గురించి, బ్యాటింగ్ ఆర్డర్ గురించి వీడియో చేసేవాణ్ని. ఈసారి అది పక్కన పెట్టాను. మన ప్రధాన పిచ్చర్ (బంతి వేసేవాడు) గెరిట్ కోల్‌కి మార్చి 11న లాస్ ఏంజెలెస్‌లో మోచేతి సర్జరీ అయింది. ఈ ఏడాది అతను ఒక్క బంతి కూడా వెయ్యడు. కాబట్టి ఈరోజు రివ్యూ అంతా పిచింగ్ మీద, దాని వెనక ఉన్న డబ్బు మీద.

నిజం చెప్పాలంటే ఆ వార్త చూసి చాలా సేపు మనసు మనసులో లేదు. కోల్ చివరిసారి అసలైన మ్యాచ్‌లో బంతి వేసింది 2024 అక్టోబర్ 30న. వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, ఐదో గేమ్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద. మనం 5-0తో ముందున్నాం. ఐదో ఇన్నింగ్స్‌లో జడ్జ్ చేతిలోంచి క్యాచ్ జారింది, వోల్పే త్రో తప్పింది, బేసులన్నీ నిండాయి. అక్కడి నుంచి కోల్ డాడ్జర్స్ బ్యాటర్లు లక్స్‌నీ, ఓటానీనీ స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లతో అవుట్) చేశాడు. ఇంకొక్క అవుట్ చాలు. బెట్స్ కొట్టిన బంతి మన రిజ్జో చేతికి వచ్చింది, కానీ అతని త్రో అందుకుని అవుట్ చేయడానికి ఫస్ట్ బేస్‌కి కోల్ పరిగెత్తలేదు. ఆ ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు వచ్చాయి, చివరికి మ్యాచ్ 7-6తో పోయింది, సిరీస్ కూడా పోయింది. ఆ ఒక్క పొరపాటు ఈ ఏడాది అతనే సరిచేస్తాడని ఎదురుచూశాను. ఇప్పుడు ఆ అవకాశం లేదు.

ఈ సర్జరీ గురించి కొత్తవాళ్ల కోసం కాస్త చెప్తాను. దీన్ని టామీ జాన్ సర్జరీ అంటారు. మోచేతి లోపలి వైపు ఒక లిగమెంట్ ఉంటుంది. బంతి విసిరిన ప్రతిసారీ భారమంతా దాని మీదే పడుతుంది. అది తెగితే, ఒంట్లో వేరే చోట నుంచి టెండన్ ముక్క తీసి, ఎముకలకు రంధ్రాలు చేసి, దాని స్థానంలో బిగిస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ దీన్ని మొదట చేసింది టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచ్చర్‌కే. ఆయన తర్వాత మన యాంకీస్‌కీ ఆడాడు, సర్జరీ తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు. అంటే కెరీర్ అయిపోయినట్టు కాదు. కానీ కోలుకోవడానికి 14 నుంచి 18 నెలలు. అంటే 2026 సీజన్‌లో కూడా కొంత భాగం పోయినట్టే.

మరి మిగిలింది ఎవరు? మాక్స్ ఫ్రీడ్ ఉన్నాడు. డిసెంబర్‌లో 8 ఏళ్లకు 21 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చి తెచ్చారు, ఎడమచేతి పిచ్చర్లలో ఎవరికీ అంతకు ముందు అంత రాలేదు. నేల మీద బంతులు కొట్టించడంలో దిట్ట. 2021 వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి అట్లాంటాకి ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. పెద్ద మ్యాచ్‌లకు భయపడే మనిషి కాదు. కార్లోస్ రోడాన్ నిరుడు స్టార్టర్‌గా (మ్యాచ్ మొదటి నుంచి వేసే పిచ్చర్‌గా) 32 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 195 స్ట్రయికౌట్లు. హోమ్ రన్లు ఎక్కువ ఇస్తాడు, అదొక్కటే నాకు టెన్షన్. మొదటి మ్యాచ్ అతనికే ఇచ్చారు.

ఇక్కడి నుంచి దారి సన్నబడుతుంది. లూయిస్ హీల్ 2024 అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు. వీపు పక్క కండరం బాగా దెబ్బతింది, కనీసం మూడు నెలలు రాడు. క్లార్క్ ష్మిట్ భుజం అలసటతో కాస్త ఆలస్యంగా మొదలుపెడతాడు. మార్కస్ స్ట్రోమన్‌ని చలికాలమంతా వేరే జట్టుకి పంపడానికి ప్రయత్నించినట్టు వార్తలు. నిరుడు ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి కూడా వేయించలేదు. ఫిబ్రవరిలో క్యాంపుకి వచ్చి, నేను స్టార్టర్‌ని, బుల్‌పెన్‌కి (మధ్యలో వచ్చి వేసే పిచ్చర్లలోకి) వెళ్లను అని గట్టిగానే చెప్పాడు. ఇప్పుడు అతనే అవసరమయ్యాడు. ఆ తర్వాత విల్ వారెన్. నిరుడు ఆరు మ్యాచ్‌ల్లో ఈఆర్ఏ 10.32. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పదికి పైగా పరుగులు. ఈ వసంతం టాంపా క్యాంపులో చాలా బాగా వేస్తున్నాడు, నేను అతని వైపే. ఇంకా కార్లోస్ కరాస్కో. 2019లో లుకేమియాతో పోరాడి అదే ఏడాది తిరిగి మైదానానికి వచ్చిన మనిషి. అతనంటే నాకెంతో గౌరవం. కానీ 38 ఏళ్ల వయసులో మైనర్ లీగ్ ఒప్పందం మీద వచ్చిన పిచ్చర్‌ని ఐదుగురు స్టార్టర్లలో ఐదో స్థానానికి నమ్ముకున్నామంటే, మన నిల్వ ఎంత పలచబడిందో చూడండి.

ఇక డబ్బు. 2025 ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకి 120 కోట్ల రూపాయల పర్సు, అది దాటితే ఒప్పుకోరు. ఇక్కడ అలాంటి గోడ లేదు. జట్టు జీతాల మొత్తానికి ఒక గీత ఉంది. దాటొచ్చు, దాటినందుకు పన్ను కట్టాలి. 2025లో ఆ గీత 24 కోట్ల 10 లక్షల డాలర్లు. వరుసగా దాటుతున్న జట్టు కాబట్టి యాంకీస్‌కి మొదటి రేటే 50 శాతం. పైకి పోయే కొద్దీ రేటు పెరుగుతుంది. 30 కోట్ల 10 లక్షలు దాటాక ప్రతి డాలర్ మీద 110 శాతం. మన జీతాల బిల్లు ఇప్పుడు సరిగ్గా ఆ పై గీత దగ్గరే తచ్చాడుతోంది. అంటే కోటి డాలర్ల పిచ్చర్‌ని తెస్తే మొత్తం ఖర్చు 2 కోట్ల 10 లక్షలు. 2024కి కట్టిన పన్నే 6 కోట్ల 25 లక్షలు.

పన్ను లెక్కలో చూసేది ఒప్పందం సగటు. కోల్‌ది 9 ఏళ్లకు 32 కోట్ల 40 లక్షలు, ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు. మంచం మీద ఉన్నా సరే అది లెక్కలోంచి పోదు. దానికి ఫ్రీడ్, రోడాన్, స్ట్రోమన్ సగటులు కలపండి. నలుగురికే దాదాపు 10 కోట్ల 90 లక్షలు. మొదటి గీతలో 45 శాతం నలుగురు పిచ్చర్లే తినేశారు. అందులో ఒకరు ఆడరు. అదే వారెన్ లాంటి కుర్రాడికి లీగ్ కనీస జీతం 7 లక్షల 60 వేలు. అందుకే జట్టు కుర్రాళ్ల వైపు చూస్తుంది. తప్పు కాదు, కానీ కుర్రాళ్లని తయారుగా ఉంచుకోవాలి కదా.

యజమాని హాల్ స్టైన్‌బ్రెన్నర్ నిరుడు మేలోనే చెప్పారు, 30 కోట్ల స్థాయి జీతాలు తమ వల్ల ఎప్పటికీ అయ్యే పని కాదని. ఈ జనవరిలో డాడ్జర్స్ ఖర్చు గురించి అడిగితే, అలా చేయడం చాలామంది యజమానులకు కష్టమే అన్నారు. చాలామంది అభిమానులు ఆయన్ని తిట్టారు, పాత యజమాని అయిన వాళ్ల నాన్న అయితే ఇలా ఆగేవాడా అని. నేను ఆ మాట అనను. నిరుడు మనకి ఆడిన బ్యాటర్ హువాన్ సోటోకి 16 ఏళ్లకు 76 కోట్లు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్ 15 ఏళ్లకు 76 కోట్ల 50 లక్షలు ఇచ్చి తీసుకెళ్లింది. ఆ డబ్బుని ఫ్రీడ్, బెలింజర్, గోల్డ్‌ష్మిట్, డెవిన్ విలియమ్స్ మధ్య పంచారు. అది తెలివైన పనే.

నా బాధ ఒకే ఒక్క చోట. విలియమ్స్ కోసం బ్రూవర్స్‌కి నెస్టర్ కోర్టెస్‌ని ఇచ్చేశారు. వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ ఫ్రీమన్‌కి గ్రాండ్‌స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) ఇచ్చింది అతనే, ఆ గాయం నాకూ ఉంది. అయినా స్టార్టర్ స్టార్టరే. ఒక ఇన్నింగ్స్ వేసే మనిషి కోసం ఐదారు ఇన్నింగ్స్ వేసే మనిషిని వదులుకున్నప్పుడు, వెనక ఇంకో ఇద్దరు ఉండాలి. కోల్ మోచెయ్యి నిరుడే వాచి జూన్ దాకా ఆడలేదు. ఆ హెచ్చరిక చేతిలో ఉండి కూడా నిల్వ తగ్గించారు. అలాంటి మనిషి ఇప్పుడు కావాలంటే ఒక డాలర్‌కి రెండు డాలర్ల పది సెంట్లు.

అయినా కట్టాలనే నేనంటాను. జూలై చివరి దాకా ఆగితే పన్ను తక్కువే పడుతుంది, ఎందుకంటే మిగిలిన రోజుల జీతమే లెక్కకొస్తుంది. కానీ ఆ నాలుగు నెలల్లో మన డివిజన్‌లో (లీగ్‌లో మన గ్రూపులో) బాల్టిమోర్, బోస్టన్ ఊరుకోవు. జడ్జ్‌కి వచ్చే నెలలో 33 నిండుతాయి. మయామీ జట్టులో శాండీ అల్కాంటరా ఉన్నాడు, 2022 నేషనల్ లీగ్ సై యంగ్ (ఉత్తమ పిచ్చర్) అవార్డు విజేత, అదే టామీ జాన్ సర్జరీ చేయించుకుని తిరిగొస్తున్నాడు. ఇవాళే అడగమనను. ఏప్రిల్‌లో అతని చెయ్యి బాగుందని తెలియగానే ఫోన్ ఎత్తాలి.

27న నేను స్టేడియంలోనే ఉంటాను. న్యూజెర్సీ ట్రైన్‌లో పెన్ స్టేషన్‌కి వచ్చి, అక్కణ్నుంచి హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి, డి ట్రైన్‌లో 161వ వీధి. మొదటి సిరీస్ మిల్వాకీతో కాబట్టి కోర్టెస్ కూడా అవతలి డగౌట్‌లో ఉంటాడు. మన ఐదో స్టార్టర్ ఎవరవ్వాలో, వారెనా, కరాస్కోనా, కామెంట్లలో రాయండి. మొదటి సిరీస్ అయ్యాక కలుద్దాం.