బస్సు దిగితే సినిమా హాలు

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. నెల్లూరు సినిమా హాళ్ల చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. చరిత్ర అంటే ఏ హాలు ఎవరు కట్టారు, ఎప్పుడు కొబ్బరికాయ కొట్టారు అని చెప్పాలి. నేను హాల్లో ప్రొజెక్టరు మీద సినిమా వేసే ఆపరేటర్ని. జానెడు క్యాబిన్ కిటికీలోంచి నాకు కనబడిందే చెబుతాను.

మన పాత హాళ్లు చాలావరకు ట్రంకు రోడ్డు, బజార్లు, బస్టాండ్ల చుట్టూనే ఎందుకున్నాయి? టౌనువాళ్ల కోసమని అనుకుంటారు. పల్లెలవాళ్ల కోసమండీ. ఆత్మకూరు వైపు వాళ్లు ఆత్మకూరు బస్టాండులో, గూడూరు, నాయుడుపేట వాళ్లు మద్రాసు బస్టాండులో దిగేవాళ్లు. కోర్టు వాయిదాకో పెళ్లిబట్టలకో వచ్చి, పని చూసుకుని, మాట్నీ చూసి, ఆఖరి బస్సు అందుకోవాలి. మాట్నీ వదిలితే పెద్దబజారులో బేరం మళ్లీ లేచేది. లీలామహల్, అర్చన, నర్తకి అంటే మా వయసువాళ్లకు సినిమాల కంటే ముందు ఆ జనమే గుర్తొస్తారు.

ఇంకో సంగతి. సినిమా వ్యాపారంలో నెల్లూరు ఉత్త జిల్లా కాదు, ఒక 'ఏరియా'. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ. నైజాం, సీడెడ్, గుంటూరు అన్నట్టే నెల్లూరులో సినిమా ఆడించే హక్కులు విడిగా అమ్ముతారు. కలెక్షన్ల పట్టికలో మన అంకె చిన్నదే అనుకోండి, పేరు మాత్రం ఉంటుంది!

ఇక క్యాబిన్. రెండు ప్రొజెక్టర్లు. రెండు కార్బన్ కడ్డీలు దగ్గరికి తెచ్చి తాకిస్తే భగ్గుమని తెల్లటి వెలుగు. నల్లద్దంలోంచే చూడాలి. కడ్డీలు కాలేకొద్దీ వాటి మధ్య సందు చూసుకుంటూ చేత్తో తిప్పుతుండాలి. నెల్లూరు ఎండాకాలంలో ఆ వేడి పక్కన బనీను కూడా బరువే. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు, అంటే 4 కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద రీలు 2,000 అడుగులు, ఇరవై నిమిషాల చిల్లర. అది అయిపోవచ్చేసరికి తెర మీద కుడివైపు పైమూలన చిన్న చుక్క పడుతుంది. రెండో మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. చేంజ్ ఓవర్! బొమ్మ మొదటి మిషను నుంచి రెండో దాని మీదికి మారాలి. కింద జనానికి తెలియకూడదు. తెలిసిందంటే ఈలలు, బూతులు.

ఒక్క ప్రింటును రెండు హాళ్లలో వేయడం అప్పట్లో మామూలే. అక్కడ అయిపోయిన రీలును కుర్రాడు సైకిల్ మీద తెచ్చి ఇవ్వాలి. ఒక ఆదివారం ఫస్ట్ షోలో సైకిల్ టైరు పంక్చరైంది. రీలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు, పది నిమిషాలు లేటు. ఈలోగా హాల్లో లైట్లు వేసి, ప్రకటనల స్లైడ్లన్నీ రెండేసి సార్లు చూపించాం. బెంచీ వాళ్లు బల్లలు బాదారు. సోడాలమ్మేవాడు మాత్రం ఆ రాత్రి నాకు డబ్బులు తీసుకోకుండా టీ తాగించాడు.

తర్వాత టీవీ వచ్చింది, క్యాసెట్లు వచ్చాయి. అవి కొంత దెబ్బ తీశాయి, నిజమే. నన్నడిగితే అసలు దెబ్బ స్థలం రేటు. రోడ్డు మీది జాగా సినిమా కంటే ఎక్కువ సంపాదించగలదని లెక్క తేలాక, హాలు నడపడం ఒక పట్టుదలైపోయింది. డిజిటల్ వచ్చాక రీలు పెట్టెలూ పోయాయి, కార్బనూ పోయింది. ఇప్పుడు కంప్యూటర్లో సినిమా ఎక్కించి టైము పెడితే చాలు.

కానీ హాలు రోడ్డును వదల్లేదు, చూడండి. 2019లో సూళ్లూరుపేట దగ్గర, చెన్నై వెళ్లే అదే హైవే మీద, 106 అడుగుల వెడల్పు తెరతో వి ఎపిక్ అనే సినిమా హాలు వచ్చింది. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, కట్టినప్పుడు మనదే.

మా మనవడు కారులో తీసుకెళ్తే నేనూ చూశాను. అంత పెద్ద తెర మీద నా కళ్లు మాటిమాటికీ కుడివైపు పైమూలకే పోతున్నాయి. "అక్కడేముంది తాతా?" అన్నాడు వాడు. "ఏం లేదులే, నువ్వు సినిమా చూడు" అన్నాను.