మారనిది ఏది?

(అమలాపురంలో పోటీ పరీక్షల అభ్యర్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కిటికీ గట్టు మీద కూర్చోండి, ఫర్వాలేదు. మైకు వినపడకపోతే చెయ్యెత్తండి.

మీలో సగం మంది రైల్వేకి, మిగతావాళ్ళు ఎస్సెస్సీకి, పోలీసుకి, గ్రూపులకి చదువుతున్నారని ఇందాక చెప్పారు. ఏ పరీక్షయినా కాలం–దూరం లెక్కలు తప్పవు. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 54 సెకన్లు. ఎస్సెస్సీ సీజీఎల్ టయర్–1 అయితే గంటకు 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 36 సెకన్లే. ఆ 36 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు 720 మీటర్లు వెళ్ళిపోతుంది. మనం ఇంకా ప్రశ్న రెండోసారి చదువుతూ ఉంటాం.

మీ సంచుల్లో షార్ట్‌కట్ పుస్తకాలు కనిపిస్తున్నాయి. ఈ ఒక్క అధ్యాయానికే పేజీల కొద్దీ సూత్రాలుంటాయి వాటిలో. సూత్రాల మీద నాకు పగ లేదు గానీ, హాల్లో కూర్చున్నాక ఏ లెక్కకి ఏ సూత్రమో గుర్తు చేసుకోవడమే పెద్ద లెక్కవుతుంది. అందుకని నేనివాళ ఒకే ఒక్క ప్రశ్న పట్టుకొచ్చాను. లెక్క చదవగానే ‘దీనికి సూత్రం ఏది?’ అనుకోకండి. ‘ఇందులో మారనిది ఏది?’ అనుకోండి. దూరమా, కాలమా, వేగమా? దాని మీద వేలు పెట్టగలిగితే సగం పని అయిపోయినట్టే.

ముందు చిల్లర పని ఒకటి కానిచ్చేద్దాం. గంటకు కిలోమీటర్లని సెకనుకు మీటర్లు చేయాలంటే 5/18తో గుణించాలి. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, కొట్టేస్తే మిగిలేది 5/18. హాల్లో గుణకారాలు పెట్టుకోకండి. 18కి 5, 36కి 10, 54కి 15, 72కి 20, 90కి 25, 108కి 30. ఎక్కాల్లాగా నోటికి వచ్చేయాలి. ఇంకొకటి, 1 గంట 20 నిమిషాలు అంటే 1.2 గంటలు కాదండి, 4/3 గంటలు. ప్రశ్న తయారుచేసేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. 1.2 పెట్టి చేస్తే వచ్చే తప్పు జవాబుని ఆప్షన్లలో పెట్టి మన కోసం కాచుక్కూర్చుంటారు.

ఇక అసలు లెక్కలు. ‘ఒకతను రోజూ వెళ్ళే వేగంలో ముప్పాతిక వేగంతో వెళ్తే ఆఫీసుకి 20 నిమిషాలు ఆలస్యమైంది. మామూలుగా ఎంత సేపట్లో వెళ్తాడు?’ దూరం ఇవ్వలేదు, వేగం ఇవ్వలేదు. చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. ఇందులో మారనిది ఏది? ఇల్లూ కదల్లేదు, ఆఫీసూ కదల్లేదు. దూరం అదే. దూరం మారనప్పుడు వేగం ఏ నిష్పత్తిలో తగ్గితే కాలం దానికి తలకిందులుగా పెరుగుతుంది. వేగం 3/4 అయితే కాలం 4/3. అంటే మామూలు కాలంలో మూడో వంతు ఎక్కువ పట్టింది. ఆ మూడో వంతే 20 నిమిషాలు. మొత్తం 60 నిమిషాలు. రఫ్ పేపరు అక్కర్లేదు.

దాని అన్నగారు ఇంకొకటి. ‘గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే 10 నిమిషాలు ఆలస్యం, 5 కిలోమీటర్లు నడిస్తే 5 నిమిషాలు ముందు.’ దూరం అదే. వేగాలు 4, 5 గనక కాలాలు 5 భాగాలు, 4 భాగాలు. తేడా ఒక్క భాగం. ఒకటి ఆలస్యం, ఒకటి ముందు కాబట్టి ఆ భాగం 10, 5 కలిపితే 15 నిమిషాలు. రెండూ ఆలస్యాలే అయి ఉంటే తీసేసేవాళ్ళం. 4 భాగాలంటే 60 నిమిషాలు. గంట సేపు 5 కిలోమీటర్ల చొప్పున నడిచాడు, దూరం 5 కిలోమీటర్లు.

సరాసరి వేగం దగ్గర కొంచెం సేపు ఆగుదాం, మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తుకున్న లారీ లోడుతో 40 వేగంతో వెళ్ళింది, ఖాళీగా అదే దారిన 60తో తిరిగొచ్చింది. సరాసరి ఎంత? ముందు వరసలో ఎవరో అప్పుడే 50 అన్నారు. సరే, చూద్దాం. దూరం మనిష్టం కదా, 120 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్ళడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు. సరాసరి 48. లారీ నెమ్మదిగా నడిచిన గంటలే ఎక్కువ, అందుకని సరాసరి నెమ్మది వైపు జరిగింది. మరి 50 ఎప్పుడొస్తుంది? అదే లారీ 2 గంటలు 40తో, 2 గంటలు 60తో నడిస్తే వస్తుంది. అక్కడ మారనిది కాలం, ఇక్కడ మారనిది దూరం. పుస్తకంలో ఇవి రెండు సూత్రాలుగా ఉంటాయి. మీరు రెండూ మర్చిపోయినా 120 అనుకుని చేసేయొచ్చు.

దీన్నే కొంచెం తిప్పి అడుగుతాను. ‘లారీ 40తో వెళ్ళింది. రానూపోనూ కలిపి సరాసరి 80 రావాలంటే ఎంత వేగంతో తిరిగి రావాలి?’ 120 అంటున్నారు. మళ్ళీ లెక్కేయండి. 240 కిలోమీటర్లు 80 వేగంతో రావాలంటే మొత్తం 3 గంటలు. ఆ 3 గంటలూ వెళ్ళేటప్పుడే అయిపోయాయి. ఇక లారీ రెక్కలు కట్టుకుని వచ్చినా కుదరదు.

పల్లెవెలుగు బస్సు లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆగకుండా నడిస్తే 45, స్టాపుల్లో ఆగుతూ నడిస్తే 36. గంటకు ఎన్ని నిమిషాలు ఆగుతోంది? గంటలో అది నడిచింది 36 కిలోమీటర్లే. 45 వేగంతో 36 కిలోమీటర్లకు 48 నిమిషాలు చాలు. మిగిలిన 12 నిమిషాలు ఆగినట్టు. రోజూ ఎక్కేవాళ్ళు ఇంకా ఎక్కువే ఆగుతుందంటారనుకోండి, అది వేరే సంగతి.

ఎదురెదురుగా వచ్చేవాళ్ళ లెక్కలకి వద్దాం. ఇద్దరూ ఒకేసారి బయలుదేరి దారిలో కలిశారంటే, అప్పటిదాకా ఇద్దరూ నడిచిన కాలం ఒకటే. అదే మారనిది. ఎదురెదురుగా అయితే వేగాలు కలపాలి, ఒకే వైపు అయితే తీసేయాలి. ఇదేదో కోచింగ్ సెంటర్లు కనిపెట్టింది కాదు. 499లో ఆర్యభటుడు గణితపాదంలో గ్రహాల గురించి చెప్తూ, ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో, ఒకే వైపు పోతుంటే వేగాల తేడాతో భాగించమన్నాడు.

ఇందులో ఒక గట్టి ప్రశ్న ఉంది. ‘రెండు కార్లు ఎదురెదురుగా బయలుదేరి దారిలో కలిశాయి. కలిశాక మొదటిది 4 గంటల్లో, రెండోది 9 గంటల్లో గమ్యం చేరాయి. వేగాల నిష్పత్తి ఎంత?’ కలిసేదాకా ఇద్దరికీ పట్టిన కాలం ఒకటే, దాన్ని ‘క’ అనుకోండి. మొదటి కారు ‘క’ గంటల్లో వచ్చిన దారే రెండో కారు 9 గంటల్లో పోయింది. కాబట్టి మొదటి వేగం, రెండో వేగానికి 9/క రెట్లు. రెండోది ‘క’ గంటల్లో వచ్చిన దారిని మొదటిది 4 గంటల్లో పోయింది. అంటే అదే నిష్పత్తి క/4. రెండూ సమానం గనక ‘క’ వర్గం 36, ‘క’ 6 గంటలు, నిష్పత్తి 3:2. దీనికి వర్గమూలాల సూత్రం ఒకటుంది. గుర్తుంటే వాడుకోండి. కానీ ఏది పైనో ఏది కిందో అనుమానమొస్తే, తక్కువ సేపట్లో చేరినవాడిదే ఎక్కువ వేగం, అంతే.

రైళ్ళు. రైలు స్తంభాన్ని దాటితే రైలు పొడవు, వంతెన దాటితే రైలు పొడవూ వంతెన పొడవూ కలిపి. ఇది అందరికీ వచ్చు. ఎందుకో అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. మన రాజమండ్రి ఆర్చి వంతెన తీసుకుందాం. 28 ఆర్చిలు, పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. 300 మీటర్ల రైలు 54 వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున దాని మీద వెళ్తోంది. ఇంజను ముక్కు వంతెనని తాకిన క్షణం నుంచి చివరి బోగీ తోక దిగేదాకా 3000 మీటర్లు, 200 సెకన్లు. కిటికీ దగ్గర కూర్చుని గోదారమ్మకి చిల్లర వేసి దణ్ణం పెట్టుకునే మనిషికి వంతెన ఎంత సేపు? ఆయనకి పొడవేం లేదు, 2700 మీటర్లే. 180 సెకన్లు. మరి రైలు మొత్తం వంతెన మీదే ఉన్న కాలం? తోక ఎక్కినప్పటి నుంచి ముక్కు దిగేదాకా, 2400 మీటర్లు, 160 సెకన్లు. ఒకే రైలు, ఒకే వంతెన, మూడు జవాబులు. మూడూ ఆప్షన్లలో ఉంటాయి. ‘ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడ ఆపాం’ అని గడియారం నొక్కే ఆ రెండు క్షణాలనీ బొమ్మ గీసి చూసుకోకపోతే సూత్రం వచ్చీ లాభం లేదు.

పడవలకి వస్తే మనకి కొంచెం చనువుంది. 24 కిలోమీటర్లు వాలుకి 3 గంటలు, ఎదురు 4 గంటలు. వేగాలు 8, 6. నిశ్చల నీటిలో పడవ వేగం ఆ రెండింటి సగటు 7, ప్రవాహం తేడాలో సగం 1. రానూపోనూ సరాసరి కూడా 7 అని రాసేయకండి. 48 కిలోమీటర్లకు 7 గంటలు, అంటే 7 కన్నా తక్కువే. వాలుకి కలిసొచ్చింది ఎదురులో పోయి సరికి సరి అవదు. లారీకి చెప్పుకున్న సంగతే ఇది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. కొబ్బరికాయల లోడుతో పడవ ఎదురు వెళ్తోంది. వంతెన కిందకి వచ్చేసరికి ఒక కాయ జారి నీళ్ళలో పడింది. సరంగు చూసుకోలేదు. 20 నిమిషాలు పోయాక చూసి, వెంటనే పడవ తిప్పాడు. వంతెనకి 2 కిలోమీటర్ల దిగువన కాయ దొరికింది. ప్రవాహ వేగం ఎంత?

పెన్ను తీసి పడవ వేగం ఒకటి, ప్రవాహం ఒకటి అనుకుని సమీకరణం రాస్తారు. అరపేజీ అయ్యాక పడవ వేగం రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ ఆలోచించరు. వంతెన మీద నించుని చూడటం వల్ల వచ్చిన తంటా ఇది. కాయతో పాటు నీళ్ళలో ఉండి చూడండి. నీరు కాయనీ మోస్తోంది, పడవనీ మోస్తోంది, ఇద్దరినీ ఒకేలా. కాయ నుంచి చూస్తే పడవ దూరమైన వేగం, దగ్గరైన వేగం ఒకటే, నిశ్చల నీటిలో పడవ వేగం. మారనిది అదీ. 20 నిమిషాలు దూరమైతే 20 నిమిషాల్లోనే దగ్గరవుతుంది. కాయ మొత్తం 40 నిమిషాలు నీళ్ళలో ఉంది, 2 కిలోమీటర్లు కొట్టుకొచ్చింది. గంటకు 3 కిలోమీటర్లు. పడవకి మోటారుందా, తెడ్డా, మనకి అక్కర్లేదు.

నరసాపురం, యానాం వైపు పడవ నడిపేవాళ్ళకి ఈ లెక్క చెప్తే నవ్వుతారు. పోటు మీద ఉన్నప్పుడు అక్కడ నీరు వెనక్కి నడుస్తుంది కదా. పరీక్ష పేపర్లో సముద్రం ఉండదు. చెప్పకపోతే ప్రవాహం మారనట్టే అనుకోండి.

నెగెటివ్ మార్కుల గురించి ఒక్క మాట. రైల్వేలో తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, టైము మాత్రం పోతుంది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే పెట్టడమే మేలు. లారీ లెక్కకి 45, 48, 50, 52 అని ఇచ్చారనుకోండి. సరాసరి 50కి తక్కువే అని తెలుసు, రెండు ఎగిరిపోయాయి. ముగ్గురు మనుషులు గుండ్రటి ట్రాక్ చుట్టూ పరిగెత్తే ప్రశ్న వచ్చిందా, గుర్తు పెట్టి ముందుకెళ్ళిపోండి. చివర్లో టైముంటే చూద్దురు గాని.

వెళ్ళే ముందు ఒకటి బోర్డు మీద రాస్తున్నాను. నరసాపురం రేవు నుంచి ఒక పంటు, సఖినేటిపల్లి రేవు నుంచి ఒక పంటు ఒకేసారి బయలుదేరాయి. నరసాపురం ఒడ్డుకి 500 మీటర్ల దూరంలో ఎదురుపడ్డాయి. రెండూ అవతలి ఒడ్డు చేరి, చెరో 10 నిమిషాలు ఆగి జనాన్ని, మోటార్‌సైకిళ్ళని ఎక్కించుకుని, అవే వేగాలతో తిరిగొస్తూ ఈసారి సఖినేటిపల్లి ఒడ్డుకి 300 మీటర్ల దూరంలో కలిశాయి. లెక్క కోసం ఇచ్చిన అంకెలివి, నిజం రేవుతో సరిపోల్చకండి. గోదారి వెడల్పు ఎంత? వేగాలు ఇవ్వలేదు, కాలం ఇవ్వలేదు. మొదటిసారి కలిసేసరికి రెండూ కలిపి ఎన్ని వెడల్పులు నడిచాయి, రెండోసారి కలిసేసరికి ఎన్ని? అక్కడ మొదలుపెట్టండి. 1200 మీటర్లు వచ్చినవాళ్ళు పేపరు పట్టుకుని ముందుకి రండి. ఆ 10 నిమిషాలు జవాబుని ఎందుకు మార్చలేదో నాకు చెప్పాలి.