గడ్చిరోలి పూసలు

శ్రోతలకు నమస్కారం.

కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అటు సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అదే జిల్లాలో, ఉత్తరం వైపు పల్లెల్లో పనిచేయడానికి అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986లో 'సెర్చ్' సంస్థ పెట్టారు.

అప్పట్లో అక్కడ పురుళ్లు ఎక్కువగా ఇళ్లలోనే. పసికందుకు జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నా చాలామంది కదిలేవారు కాదు. దూరం, ఖర్చు, పచ్చి బాలింత గడప దాటకూడదన్న పట్టింపు. వాళ్లను తిట్టి లాభం లేదని డాక్టర్లకు తెలిసిపోయింది.

ముందు నెమ్ము, అంటే న్యుమోనియా సంగతి చూశారు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపైన ఊపిరి తీస్తుంటే ప్రమాదం. కానీ చదువురాని మంత్రసానికి అంత లెక్క ఎలా వస్తుంది? అందుకని నిమిషం పాటు కారే ఇసుక గడియారం, దాని పక్కన వరుసగా పూసలు పెట్టి ఒక పరికరం చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దాకా వచ్చిందంటే నెమ్మే. నాకైతే ఖరీదైన యంత్రాలకన్నా ఈ పూసలే గొప్పగా అనిపిస్తాయి.

తర్వాత 39 ఊళ్లలో ఊరికో ఆడమనిషికి శిక్షణ ఇచ్చారు. వాళ్ల చదువు ఐదు నుంచి పదో తరగతి లోపే. ఇంటికెళ్లి బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టడం, తల్లిపాలు పట్టించడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరితే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు. పల్లెటూరి ఆడవాళ్ల చేతికి సూదా అని విమర్శలు వచ్చాయి. అయినా ఆ ఊళ్లలో ప్రాణాలతో పుట్టిన ప్రతి 1000 మంది బిడ్డలకు 62గా ఉన్న నెలలోపు శిశు మరణాలు మూడేళ్లలో 25 దగ్గరికి దిగాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ లెక్కలు అచ్చువేసింది.

2011లో కేంద్రం ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి కదా, ఇంకా ఇదెందుకు అంటారు కొందరు. రెండు మూడు రోజులకే ఇంటికి పంపేస్తారు. మిగతా నెలంతా బిడ్డ ఉండేది ఇంట్లోనే. అందుకే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వస్తుంది. ఇంట్లోనే పురుడు పోస్తే మొదటి రోజు కూడా రావాలి.

ఆమె త్రాసు తీస్తే దిష్టి తగులుతుందని అడ్డుపడకండి. "బిడ్డ పడుకుంది, రేపు రామ్మా" అని గుమ్మంలోంచే పంపేయకండి. పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, వేడెక్కినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆమె వచ్చే రోజు దాకా ఆగకుండా కబురు పెట్టండి, లేదా 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే.