కేంద్రకాంశంలో రైబోజోమ్ ఎలా తయారవుతుంది?

[తెరపై: మైక్రోస్కోప్ కింద ఒక కణం. కేంద్రకం లోపల ముదురుగా ఒక చుక్క.]

కేంద్రకం లోపల ముదురుగా కనిపిస్తోందే, అదే కేంద్రకాంశం. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం. ‘ఇక్కడ రైబోజోమ్‌లు తయారవుతాయి’ అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. కానీ ఆ తయారీ మామూలు పని కాదు. జోరుగా పెరుగుతున్న ఒక్క ఈస్ట్ కణం నిమిషానికి సుమారు 2,000 రైబోజోమ్‌లు తయారుచేస్తుంది. మన రైబోజోమ్‌లో 80 ప్రోటీన్లు, నాలుగు ఆర్ఎన్ఏలు ఉంటాయి. ఇవన్నీ ఒకచోట చేరితే చాలదు, సరైన వరుసలో చేరాలి. సరిగ్గా చేరనిదాన్ని పనిలోకి వదలకూడదు కూడా. నా దృష్టిలో అసలు గొప్పతనం ఈ రెండో విషయంలోనే ఉంది.

[తెరపై: మనిషి క్రోమోజోముల్లో 13, 14, 15, 21, 22 వెలుగుతాయి.]

రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువులు మనలో ఈ ఐదు క్రోమోజోముల మీద వరసగా, వందల ప్రతులుగా ఉంటాయి. వాటి చుట్టూనే కేంద్రకాంశం ఏర్పడుతుంది. దానికి పొరంటూ లేదు. ద్రవంలాగా ప్రవర్తిస్తుంది, రెండు తగిలితే కలిసి ఒకటైపోతాయి.

కేంద్రకాంశం లేకపోతే ఏమవుతుందో ఒక కప్ప చెప్పింది. ఆఫ్రికా జాతి కప్ప జెనోపస్‌లో ఒక మ్యూటెంట్, అంటే జన్యువుల్లో మార్పు వచ్చిన రకం, ఉంది. మామూలు కణంలో రెండు కేంద్రకాంశాలుండాల్సిన చోట దానికి ఒక్కటే ఉంటుంది. అలాంటి రెండు కప్పల్ని కలిపితే పిల్లల్లో నాలుగో వంతుకి అసలు ఉండదు. 1964లో డొనాల్డ్ బ్రౌన్, జాన్ గర్డన్ అనే శాస్త్రవేత్తలు ఆ పిండాలను పరీక్షించారు. వాటిలో కొత్త రైబోజోమ్ ఆర్ఎన్ఏ తయారుకావడమే లేదు! అయినా అవి గుడ్డులోంచి బయటికొచ్చాయి, ఈదాయి. తల్లి గుడ్డులో దాచిపెట్టిన రైబోజోమ్‌లతో అంతవరకు నెట్టుకొచ్చాయి. ఆ తర్వాత చనిపోయాయి. కేంద్రకాంశానికీ రైబోజోమ్‌కీ ఉన్న సంబంధం అలా రుజువైంది.

[తెరపై: పొడవాటి ఆర్ఎన్ఏ దారం, దానిమీద మూడు రంగుల భాగాలు.]

ఇక తయారీకి వద్దాం. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 1 అనే ఎంజైమ్ ముందు ఒకే పొడవాటి ఆర్ఎన్ఏ దారం తీస్తుంది. మనలో దాని పొడవు సుమారు 13,000 అక్షరాలు. ఇందులోంచే 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ అనే మూడు ఆర్ఎన్ఏలు రావాలి (ఎస్ అనేది సైజును సూచించే కొలత). ఆ మూడింటినీ కలిపినా దాదాపు 7,000 అక్షరాలే. మిగతాదంతా కత్తిరించి పారేసేదే. నాలుగోది 5ఎస్. దాని జన్యువులు 1వ క్రోమోజోము మీద, కేంద్రకాంశం బయట ఉంటాయి. అక్కడ తయారై ఇక్కడికి వచ్చి చేరుతుంది. ప్రోటీన్లయితే ఇంకా దూరం నుంచి వస్తాయి. సైటోప్లాజంలో పాత రైబోజోమ్‌లే వాటిని తయారుచేసి పంపుతాయి.

దారం ఇంకా పూర్తికాకముందే పని మొదలైపోతుంది. స్నో ఆర్ఎన్ఏలనే చిన్న ఆర్ఎన్ఏలు దారం మీద ఎక్కడ రసాయన మార్పు చేయాలో గుర్తుపట్టి, అక్కడికి ఎంజైమ్‌ను తీసుకొస్తాయి. అలాంటి మార్పులు మన రైబోజోమ్‌లో 200 పైనే. వీటితోపాటు 200కు పైగా సహాయక ప్రోటీన్లు వచ్చి, పని అయ్యాక వెళ్లిపోతాయి. స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ కొట్టి, గట్టిపడ్డాక విప్పేస్తాం కదా, వీటి పనీ అదే. మడత సరిగ్గా పడేదాకా ఆర్ఎన్ఏను పట్టి ఉంచుతాయి. రైబోజోమ్‌లో మాత్రం మిగలవు.

[తెరపై: చిన్న ఉపభాగం, పెద్ద ఉపభాగం విడివిడిగా కేంద్రక రంధ్రాల్లోంచి బయటికి.]

రైబోజోమ్‌కి రెండు ఉపభాగాలుంటాయి. చిన్నదైన 40ఎస్, పెద్దదైన 60ఎస్ వేర్వేరుగా కేంద్రకం బయటికొస్తాయి. వచ్చేసరికి రెండూ పచ్చిగానే ఉంటాయి. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. 60ఎస్ మీద, 40ఎస్ వచ్చి అతుక్కోవాల్సిన చోటే, ఈఐఎఫ్6 అనే ప్రోటీన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. అది ఉన్నంతసేపు రెండూ కలవలేవు. ఈఎఫ్ఎల్1, ఎస్‌బీడీఎస్ అనే రెండు ప్రోటీన్లు వచ్చి దాన్ని లేపుతాయి. 40ఎస్‌ది ఇంకో దారి. ఈస్ట్‌లో చూస్తే, అది పూర్తిగా సిద్ధం కాకముందే ఒకసారి 60ఎస్‌తో జతకడుతుంది. ప్రోటీన్ ఏదీ తయారుచేయదు, జత సరిగ్గా కుదిరిందా లేదా అన్నదే అక్కడ తేలేది. 18ఎస్ చివర మిగిలిన తోకను నాబ్1 అనే ఎంజైమ్ కత్తిరించేది కూడా సైటోప్లాజంలోనే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, పచ్చి రైబోజోమ్ పనిలోకి దిగితే, ప్రోటీన్ తయారీకి సూచనలు మోసుకొచ్చే ఎంఆర్ఎన్ఏను తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

[తెరపై: ఎముక మజ్జ కణాలు.]

ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా జబ్బే. ఎస్‌బీడీఎస్ జన్యువు పాడైతే ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్ వస్తుంది, ఎముక మజ్జ, క్లోమం దెబ్బతింటాయి. డైమండ్-బ్లాక్‌ఫాన్ అనీమియాలో పసిపిల్లలకు ఎర్రరక్తకణాలు తగినన్ని తయారుకావు. దాని వెనక రైబోజోమ్ ప్రోటీన్ జన్యువు ఆర్‌పీఎస్19 ఉందని 1999లో తెలిసింది.

రైబోజోమ్ అన్ని కణాల్లోనూ ఉన్నప్పుడు దెబ్బ రక్తానికే ఎందుకు ఎక్కువ? కూర్పు ఆగిపోతే ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే ప్రోటీన్లు 5ఎస్‌తో కలిసి మిగిలిపోతాయి. అవి ఎండీఎం2 అనే ప్రోటీన్‌ని పట్టేసుకుంటాయి. ఎండీఎం2 పని పీ53 అనే ఇంకో ప్రోటీన్‌ను అదుపులో ఉంచడం. ఆ అదుపు తప్పగానే పీ53 పెరిగి కణ విభజనను ఆపేస్తుంది, కణాన్ని చంపేస్తుంది కూడా. తక్కువ వ్యవధిలో విపరీతంగా విభజన చెందుతూ, హీమోగ్లోబిన్ కోసం రైబోజోమ్‌ల మీదే ఆధారపడే ఎర్రరక్తకణాల పూర్వకణాలు దీన్ని తట్టుకోలేవు. పైగా ఎర్రకణంగా ఎదగడానికి కావాల్సిన గాటా1 ప్రోటీన్ కూడా రైబోజోమ్‌లు తగ్గితే చాలినంత తయారుకాదు. ఇక చికిత్స సంగతి. ఈ పిల్లల్లో కొందరికి స్టెరాయిడ్లు పనిచేస్తాయి, కొందరికి రక్తం ఎక్కిస్తూ ఉండాలి, రక్తలేమిని పూర్తిగా పోగొట్టాలంటే మాత్రం మూలకణ మార్పిడే దారి.