గ్రూపులో పెట్టాక ఫోన్ ఎవరు చేస్తారు?

శ్రోతలందరికీ నమస్కారం.

పేదల పక్షాన నిలబడదామని వాట్సాప్ గ్రూపులు పెడుతున్నవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. గ్రూపు పెట్టడం ఎంతసేపు? పొద్దున పెడితే సాయంత్రానికి నిండిపోతుంది. పింఛను ఆగిపోయిన ఒక అవ్వ ఫోటో అందులో పడుతుంది. దాని కింద వరసగా దణ్ణాలు, కన్నీటి బొమ్మలు. మర్నాటికి కొత్త మెసేజీలు వచ్చి ఆ ఫోటో మరుగున పడిపోతుంది. అవ్వకు పింఛను వచ్చిందా అని అడిగేవాళ్లుండరు.

ఈ లోటును ఎలా పూడ్చాలో ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలు ఎప్పుడో చేసి చూపించాయి. ఒకప్పుడు బీబీసీలో పనిచేసిన జర్నలిస్టు శుభ్రాంశు చౌధరి 2010లో అక్కడ 'సీజీనెట్ స్వర' అనే ఫోన్ వేదికను మొదలుపెట్టారు. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు రావాలని లేదు, మామూలు బటన్ ఫోన్ చాలు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అవతలి కంప్యూటరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కి మన మాట రికార్డు చేయొచ్చు, రెండు నొక్కి ఇతరులు చెప్పినవి వినొచ్చు. గోండీలో కూడా చెప్పుకోవచ్చు. మన ఆదిలాబాద్ గూడేల్లోనూ వినిపించే భాష అది.

ఆ సందేశాలకు ఒక వరస ఉంటుంది. మనిషి ముందు తన పేరు, ఊరు, జిల్లా చెబుతాడు. చేతిపంపు ఎన్నాళ్లుగా పాడైపోయి ఉందో, నీళ్లకు ఎంత దూరం నడుస్తున్నారో, ఎవరికి అర్జీ పెట్టుకున్నారో చెబుతాడు. చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు చదివి, మిత్రులారా, ఈయనకు ఫోన్ చేసి గట్టిగా అడగండి అంటాడు. మోడరేటర్లు విని, సరిచూసి బయటికి వదులుతారు. ఎక్కడో పట్నంలో ఉన్న మనిషి అది విని ఆ అధికారికి ఫోన్ కలుపుతాడు. పని అయ్యాక ఊరివాళ్లు మళ్లీ ఫోన్ చేసి, పంపు బాగైంది, అడిగినవాళ్లకు ధన్యవాదాలు అని రికార్డు చేస్తారు.

నన్నడిగితే దీని బలమంతా ఆ ఒక్క ఫోన్ నంబరులోనే ఉంది. విన్నవాళ్లు అయ్యో అని ఊరుకోకుండా వాళ్ల చేతికి అది ఒక పని అప్పగిస్తుంది. పైగా కష్టంలో ఉన్న మనిషే తన గొంతుతో మాట్లాడతాడు. అతని తరఫున మనం కథ అల్లాల్సిన అవసరం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు పుట్టిన 'స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్' కూడా ఇలాంటిదే. దేశం నలుమూలలా ఉన్న వాలంటీర్లు ఇళ్లలో కూర్చునే, చిక్కుకుపోయిన వలస కూలీలతో ఫోన్‌లో మాట్లాడారు. తిండి ఎన్ని రోజులకు ఉంది, చేతిలో డబ్బెంత, యజమాని కూలి ఇచ్చాడా అని అడిగి రాసుకున్నారు. సాయం అందేలా చూస్తూనే ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి ఏప్రిల్ 15న నివేదిక విడుదల చేశారు. అందులో 11,159 మంది కూలీల పరిస్థితి ఉంది. వాళ్లలో 96 శాతం మందికి ప్రభుత్వ రేషన్ అందలేదు. ఒక్కో ఫోన్ కాల్‌నూ ఓపికగా రాసిపెట్టుకున్నారు కాబట్టే ఆ లెక్క దేశం ముందుకొచ్చింది.

ఇక మన ఊళ్ల సంగతికొద్దాం. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పనిచేసిన 15 రోజుల్లోగా కూలి అందాలని, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని 2005 నాటి ఆ చట్టంలో రాశారు. అయినా కూలి డబ్బుల కోసం బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్లు ఏ ఊళ్లో లేరు చెప్పండి? అలాంటి ఫిర్యాదు గ్రూపులోకి వస్తే ఏ వారం మస్టరు, ఎన్ని రోజుల పని, ఎంత రావాలి అన్నది ఎవరో ఒకరు నోటుబుక్కులో ఎక్కించాలి. మండల ఆఫీసుకు ఫోన్ చేసే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఏమన్నారో ఆ సాయంత్రమే గ్రూపులో చెప్పాలి. పని కాకపోతే కాలేదనే చెప్పాలి.

ఇంకొక్క మాట. ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్కు గ్రూపులో పెట్టనివ్వకండి. పనిచూసే మనిషికి మాత్రమే అవి అందాలి. ఫోటో కూడా అంతే. అవ్వా, నీ ఫోటో పెట్టమంటావా అని ముందు అడగండి. వద్దంటే పెట్టకండి, ఆమె పింఛను సంగతి మాత్రం వదలకండి.

నమస్కారం.